గాజు మీది తాయవ్వ

బీదర్,
సెప్టెంబర్ 12, 2024

మహానందా, బిడ్డా,

నీ జాబు అంది పది దినాలైంది. జవాబు ఆలస్యమైందని అలగకు. నా చెవులు ఇప్పుడు పూర్తిగ పోయినై. మీ అత్త ఎదురుగ నిలబడి మాట్లాడితే పెదవులు ఆడుడు కనబడతది, అంతే. నువ్వు ఫోన్ చేసి చెప్పిన సంగతులు ఆమె నాకు చేతులు తిప్పుతూ చెప్తది, అందులో సగం ఆమె సొంతం. మీ అమ్మ బతికున్నన్ని దినాలు మా అక్కాతమ్ముళ్లం జాబులే రాసుకున్నం. ఆమె పోయినంక ఆ అలవాటు నీ మీద పడ్డది, ఏం చేస్తవ్.

నీ జాబు ఎప్పటి లెక్కనే మీ అత్తకు చదివి వినిపించిన. ఆమె గడప దగ్గర కూచుని బియ్యంల రాళ్లు ఏరుతూ వింటది. చదువు రాదు గానీ నువ్వు పోయిన యేడు ఏం రాసినవో గూడ చెప్పగలదు. నా గొంతు నాకు వినబడదు గద, గల్లీ అంతా వినేటట్టు చదువుతనట. పక్కింటి శ్రద్ధకు నీ ఉద్యోగం సంగతులన్నీ తెలుసు, దాచుకునేటివి ఉంటే రాయకు.

తాయవ్వను హైదరాబాదు తీసుకరమ్మని మళ్ల రాసినవ్. మీ మ్యూజియంల నువ్వు పాత ఫోటోలకు వైద్యం చేస్తవని మాకు గర్వమే. కానీ మా ముత్తవ్వను బస్సుల కూచోబెట్టి పట్నం తోలుకపోవుడు మీ అత్తకు ఇష్టం లేదు. కాపురానికి వచ్చిన నాడు మా అమ్మ తాయవ్వ ఫోటో ఉన్న ఆ గాజు ముక్కను ఆమె ఒళ్లో పెట్టి, ఈ ఇంటి ఆడిది దీన్ని చూసుకోవాలె అని చెప్పింది. నలభై ఎనిమిది ఏండ్లాయె. మాకు పిల్లలు లేరు. దేవుని అర్రల తాయవ్వకు బొట్టు పెట్టనిదే మీ అత్త మంచినీళ్లు ముట్టదు. ఏమేమి చెప్పుకుంటదో, నాకు చెవులున్నప్పుడు గూడ విననియ్యలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు: అవును, గాజు వెనకాల నలుపు రాలుతున్నది. అయితే ఏమాయె. చౌబారా బురుజు దగ్గర నలభై ఏండ్లు ఫోటోలకు ఫ్రేములు కట్టిన చేతులివి. బీదర్ల సగం ఇండ్ల పెద్దలు గోడల మీద నిలబడ్డరంటే నేను కొట్టిన మొలల మీదనే. నువ్వు నాకు నేర్పుతవా?

ఆశీస్సులతో మీ మామ,
నర్సప్ప


హైదరాబాద్,
సెప్టెంబర్ 26, 2024

మామా, గడప దగ్గర కూచున్న అత్తా,

నలభై ఏళ్లు ఫ్రేములు కట్టిన మనిషికి నేర్పే ధైర్యం నాకు లేదు. కానీ నువ్వు కట్టినవన్నీ కాగితం ఫోటోలు మామా. తాయవ్వది కాగితం కాదు, ఆమె నేరుగా గాజు మీదే ఉంది. దాదాపు నూట యాభై ఏళ్ల కిందటి పద్ధతి. గాజు పలకకు జిగురులాంటి మందు పూసి, చీకటి గుడారంలో ఇంకో మందులో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీయాలి, ఆరకముందే కడగాలి. అంతా పావుగంటలో అయిపోవాలి. అందుకే ఊరూరా తిరిగే ఫోటో దొరలకు మందులకంటే ముందు నీళ్లు కావాలి. తాయవ్వ కోట దగ్గర దొర గుడారానికి నీళ్లు మోసిందని అమ్మ చెప్పేది కదా, అది కట్టుకథ కాదన్నమాట.

నవాబులైతే తివాచీలు పరిపించుకుని, కత్తి ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగేవాళ్లు. తాయవ్వ కూచున్నది గాజు పలకలు తెచ్చిన చెక్కపెట్టె మీద. మిగిలిపోయిన ఒక పలక ఆమెకు దక్కి ఉంటుంది. పోయినసారి వచ్చినప్పుడు చూశాను, ఆమె మడమ వెనక ఇనుప కాలొకటి కనిపిస్తుంది. తల కదలకుండా మెడ వెనక పట్టి ఉంచే కడ్డీ అది. చాలాసేపు కదలకూడదు. నీళ్ల కుండ పక్కన పెట్టి, ఫోటో తీస్తే ప్రాణం పోతుందేమోనని భయపడుతూ అలా కూచుందంటే ఆవిడది మామూలు గుండె కాదు. ఇంకో మాట. ముక్కుపుల్ల కుడి వైపు ఎందుకుందని మీ ఇంట్లో మూడు తరాలు గొడవపడ్డారు. గాజు మీద కుడి ఎడమలు తారుమారు అవుతాయి, అంతే. ఎడమకే ఉండేదన్న అత్తే గెలిచింది.

ఇప్పుడు అసలు సంగతి. పెత్రమాస అమావాస్యకు పెద్దల ఫోటోలు కడుగుతారు కదా. తాయవ్వను కడగొద్దు. నీళ్ల చుక్క తగిలినా ప్రమాదం. తడిబట్ట కూడా వద్దు. వెనక నలుపు సంగతి పెద్ద కథ, అది కాగితం మీద చెప్తే అర్థం కాదు, దీపావళికి వచ్చినప్పుడు చేత్తో చూపిస్తాను. అత్త ముక్కు మీద వేలేసుకుంటుంది చూడు.

మీ మేనకోడలు,
మహానంద


బీదర్,
అక్టోబర్ 8, 2024

బిడ్డా,

రెండు దినాలు ఈ కాగితం ముందల ఊకెనే కూచున్న. తాయవ్వ పోయింది.

పెత్రమాస నాడు మీ అత్త పెద్దలందర్నీ గోడల మీదికెళ్లి దించింది. ప్రతి యేడు తడిబట్టతో తుడుస్తది. ఈసారి గల్లీల రోడ్డు తవ్విండ్రు, దుమ్ము మస్తు పట్టిందని తాయవ్వ మీద చెంబుతో నీళ్లు పోసింది. వెనకకు నీళ్లు దిగి నలుపు పెచ్చులు పెచ్చులుగ ఊడింది. ముఖం మీద అక్కడక్కడ తెల్ల మచ్చలు లేచినై. నేను చూసేసరికి ఆమె ఆ పెచ్చులను ఏరి కొంగుల మూట కడ్తున్నది.

మరునాడు చౌబారాకు తీసుకపోయిన. మన పాత దుకాణం ఇప్పుడు శివరాజ్ అనే అతనిది. అక్కడ ఫ్రేము విప్పి, మిగిలిన నలుపంతా గీకి, గాజు తళతళలాడేటట్టు తుడిచి, వెనక కొత్త తెల్ల అట్ట వేసి బిగించుడైంది. పనిల లోపం లేదు. తిప్పి చూస్తే తాయవ్వ లేదు. ముఖం ఉండే చోట బూడిద మరక, జుట్టు ఉండే చోట తెల్లగ పొగ. కండ్లు లేవు. అట్లాంటిది నా ఇన్నేండ్లల్ల చూడలేదు.

శనివారం నీ జాబు వచ్చింది. ఎప్పటి లెక్కనే మొదలుపెట్టి చదివిన. ముక్కుపుల్ల సంగతికి ఆమె నవ్వింది గూడ. నీళ్ల చుక్క తగిలినా ప్రమాదం అన్న కాడికి వచ్చేసరికి నా నోరు ఆగలేదు. నీకు దాచను, ఉన్నదున్నట్టు రాస్తున్న. “పిల్లల్లేని ఇల్లాయె. ఉన్న ఒక్క పెద్దదాన్ని గూడ నీ చేతులతోనే ఎల్లగొట్టినవ్” అన్న. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలవదు. శ్రద్ధ వాళ్ల వాకిట్ల మనుషులు ఇటు తిరిగి చూసిండ్రు.

ఆమె చేటల బియ్యం ఏరుతనే ఉన్నది. ఆనాటికెళ్లి సరిగ తింటలేదు. తప్పు చేసింది, బాధపడనీ అని నేను గూడ బతిమిలాడలేదు.

నీకు తెలిసిన విద్య ఇది. నీళ్ల వల్లనే పోయిందా, వేరే ఏమన్నా ఉన్నదా, వెంటనే రాయి.

మీ మామ,
నర్సప్ప


మైసూరు,
అక్టోబర్ 15, 2024

మామా, అత్తా,

నేను మైసూరు వచ్చి అయిదు రోజులైంది. ఒక పాత సంస్థానం వాళ్ల ఆల్బమ్‌లు బాగుచేయడానికి మా ఆఫీసు పంపింది. ఇంకో పది రోజులు ఇక్కడే. హైదరాబాదులో నాకేమైనా జాబు వచ్చి పడి ఉంటే వెళ్లాకే చూస్తాను, జవాబు రాలేదని తిట్టుకోవద్దు.

ఇక్కడి ఫోటోలు చూస్తుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఒక్కో దొరగారి వెనక గుడ్డ మీద బొమ్మగీసిన స్తంభాలు, సముద్రం, మబ్బులు. ఆయన జన్మలో సముద్రం చూసి ఉండడు. పిల్లలందరూ ఏడుపు మొహాలే, అంతసేపు కదలొద్దంటే ఏ పిల్లవాడు ఊరుకుంటాడు. నౌకర్లు మాత్రం అంచుల్లో సగం సగం ఉన్నారు, ఒక చెయ్యి, ఒక తలపాగా. పేర్లు లేవు. మన తాయవ్వ ఒక్కతే పలక నిండా కూచుందని తలుచుకుంటే పొగరు వస్తోంది నాకు.

నిన్న మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది. తిన్నావా, చలి పెడుతోందా అని అడిగి, “పోయిన మొకం మల్ల వస్తదా బిడ్డా” అంది. అప్పుడు నా చేతిలో ఒక రాణిగారి ఫోటో ఉంది. కోడిగుడ్డు సొన పూసిన కాగితం మీద వేసిన అచ్చు, ముఖమంతా వెలిసి పసుపుపచ్చగా అయిపోయింది. పోయింది పోయినట్టే అత్తా, ఎవరి వల్లా కాదు అన్నాను. అమ్మ పెళ్లి ఫోటో గురించే అడిగిందనుకుంటా, అది ఎప్పటి నుంచో వెలిసిపోతోంది కదా. మంచిది బిడ్డా అని పెట్టేసింది. కాసేపు మాట్లాడాల్సింది, పనిలో పడి వదిలేశాను. అత్తతో చెప్పు, అమ్మ ఫోటోకు నా దగ్గర ఇంకో కాపీ ఉంది, దిగులు పడొద్దని.

మీ
మహానంద


బీదర్,
అక్టోబర్ 22, 2024

మహానందా,

ఆదివారం నాడు తాయవ్వను మంజీర ఏట్ల కలిపి వచ్చినం.

మీ అత్తనే పట్టుపట్టింది. ముఖం లేని పెద్దదాన్ని ఇంట్ల పెట్టుకోవద్దు, మళ్ల రాదని తెలిసినంక పంపియ్యాలె అన్నది. ఎవరు చెప్పిండ్రో నాకు అప్పుడు చెప్పలేదు. నిన్న నీ మైసూరు జాబు వచ్చినంక తెలిసింది. తాయవ్వ పుట్టిల్లు జనవాడ. ఆడబిడ్డను పుట్టింటికి పంపినట్టే పంపుత అన్నది. కొత్త జాకెట్ గుడ్డల గాజును చుట్టి, పసుపు కలిపిన ఒడిబియ్యం పోసి, అయిదు తమలపాకులు పెట్టింది. నేను ఒడిబియ్యం పోసేందుకు ఈ ఇంట్ల బిడ్డ పుట్టలేదు, ఈమెకు పోస్తున్న అన్నదట, శ్రద్ధ కాగితం మీద రాసి చూపించింది నాకు.

జనవాడ కాడ ఏరు నిండుగ పోతున్నది. నేను కలుపుత అంటే ఇయ్యలేదు. నడుముల లోతుకు దిగి తన చేతులతోనే వదిలింది. వచ్చేటప్పుడు వాన పట్టుకున్నది, ఆటో దొరికేసరికి ముద్దగ తడిసింది. రాత్రికి జ్వరం. పదిహేను దినాల సంది కడుపుల సరిగ ఏమీ లేదాయె, ఒంట్ల బలం లేదు. రెండు దినాల్ల తగ్గుతది లే.

నాతోని మాట్లాడుత లేదు. మాట్లాడినా నాకు వినబడదు, మాట్లాడకున్నా అంతే. అయినా ఇల్లు మునుపటి లెక్క లేదు.

నువ్వు మీ అమ్మ ఫోటో అనుకున్నవ్, అయినా నువ్వు గూడ ఆమెతో పోయింది పోయినట్టే అన్నవ్. అంటే నేను అన్నది అబద్ధం కాదు గద? మాట మోటుగ వచ్చిందేమో గానీ తప్పు మాట కాదు. నీళ్ల వల్లనే పోయిందని ఒక్క ముక్క రాయి బిడ్డా. ఆమె మొకం చూస్తుంటే నాకు నిదుర పడ్తలేదు. నేను అన్నది నిజమేనని తెలిస్తే కొంచెం తట్టుకోగలుగుత.

మీ మామ,
నర్సప్ప


హైదరాబాద్,
అక్టోబర్ 26, 2024

మామా,

మైసూరు నుంచి ఇప్పుడే దిగాను. తలుపు కింద నీ ఎనిమిదో తారీఖు జాబు ఉంది. చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను. అత్తకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, మోగుతోంది గానీ ఎత్తడం లేదు. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ముందు ఈ మాట అత్తకు గట్టిగా చదివి వినిపించు. అత్తా, నువ్వు ఏ తప్పూ చేయలేదు. తాయవ్వ ఎక్కడికీ పోలేదు. ఆ గాజులోనే ఉంది.

ఇంట్లో ఏదైనా నల్లబట్ట వెతుకు మామా. పాత గొడుగు గుడ్డయినా సరే. ఆ తెల్ల అట్ట తీసేసి, గాజు వెనక నల్లబట్ట పెట్టి, వెలుగులో చూడు. ఆ కాలం గాజు ఫోటో పద్ధతే అంత. గాజు మీద ఉన్నది పలుచటి వెండి పొర. వెనక నలుపు ఉంటేనే అది ముఖంలా కనిపిస్తుంది. తెలుపు పెడితే తారుమారై బూడిద మరకలా అవుతుంది. నీళ్లు ఊడదీసింది వెనకనున్న నలుపును మాత్రమే, ముఖానికి ఏమీ కాలేదు. ఇదే నేను దీపావళికి చేత్తో చూపిస్తానని దాచుకున్న కథ. అప్పుడే నాలుగు వాక్యాలు రాసి ఉంటే అయిపోయేది. ముచ్చట పడి దాచుకున్నాను, నా బుద్ధి.

ముఖాన్ని మాయం చేసింది ఆ తెల్ల అట్ట. పని తెలియని ఆ శివరాజ్ ఎవరో తోచినట్టు వేసి బిగించాడు. బయటివాడి చేతికి ఎందుకిచ్చావు మామా? నువ్వే చేసి ఉంటే ఇలా జరిగేది కాదు.

అత్త ఫోన్ చేసి అడిగింది దీని గురించేనా? నేనేం జవాబు చెప్పానో ఇప్పుడు తెలిసొస్తోంది. మామా, నువ్వు అత్తను ఆ మాట అని ఉండకూడదు. బతిమిలాడి అన్నం తినిపించు. తాయవ్వను ఎదురుగా పెట్టి తినిపించు.

మహానంద


హైదరాబాద్,
నవంబర్ 18, 2024

మామా,

అత్త దినాలు అయ్యేదాకా పదకొండు రోజులు మీ ఇంట్లోనే ఉన్నాను. నువ్వు గోడ వైపు తిరిగి కూచున్నావు. కాగితం మీద రాసి చూపిస్తే కళ్లు మూసుకున్నావు. అందుకే ఇంటికొచ్చి జాబు రాస్తున్నాను.

మంజీరలో కలిపారన్న నీ రెండో జాబు నాకు సోమవారం అందింది. జ్వరమే కదా అనుకున్నాను. దీపావళి పనులు చూసుకుని వద్దామనుకున్నాను. శనివారం శ్రద్ధ ఫోన్ చేసింది. ఆ అయిదు రోజులూ బస్సెక్కకుండా ఇక్కడే ఉన్నాను.

నా స్పీడ్ పోస్టు కవరు మీ దేవుని అర్రలో నూనె సీసా కింద కనిపించింది. విప్పలేదు. అత్త పోయాకే, ఆలస్యంగా వచ్చి ఉంటుందనుకున్నాను. తీసి నా సంచిలో వేసుకుందామనుకున్నాను, అందరూ ఉన్నారు, చేతులు రాలేదు. మామా, దాన్ని చదవొద్దు. చించి పొయ్యిలో వెయ్యి. ప్రయాణం అలసటలో సరిగ్గా ఆలోచించకుండా రాసింది అది.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నీళ్ల వల్లనే పోయింది. ఎవరూ ఏమీ చేయగలిగేవాళ్లు కాదు. అత్తకు ఫోన్లో చెప్పిందే నిజం.

వేళకు తిను. మందులు శ్రద్ధకు ఇచ్చి వచ్చాను.

మహానంద


బీదర్,
నవంబర్ 27, 2024

బిడ్డా మహానందా,

నువ్వు బస్సెక్కిన మరునాడే నూనె సీసా కింది ఆ లిఫాఫా విప్పిన. నీ కొత్త జాబు నిన్న వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివిన. ఏది నిజమో నాకు తెలుసు. నలుపు ఊడిన చోటనే తెల్ల మచ్చలు లేచినై. ఊడని చోట ముఖం చక్కగనే ఉండె. కండ్ల ముందల ఉన్నది, బుర్రకు ఎక్కలేదు. మామ కోసం అబద్ధం రాసినవ్, మీ అత్త మీద తప్పు మోపుతూ రాసినవ్. ఆ మాట రాయడానికి నీ చేయికి ఎంత కష్టమయ్యిందో నాకు తెలుసు. నీ మీద నాకు కోపం లేదు. ఫోన్ల అన్న మాటకు నువ్వు ఏడ్వకు. నువ్వు తెలవక అన్నవ్.

శివరాజ్‌ను ఏమనకు. అతను ఆ పూట దుకాణంల లేడు. నా పాత పీట మీద నేనే కూచున్న. నలుపు గీకింది నేను, అట్ట కోసింది నేను. వేలమందికి వేసిన అట్టనే మా ముత్తవ్వకు వేసిన. పని బాగ కుదిరిందని ఆ అయిదు నిమిషాలు సంబరపడ్డ గూడ. నువ్వే చేసి ఉంటే ఇట్ల కాకపోవు అని రాసినవ్ చూడు, ఆ కాడ చదువుడు ఆపి వాకిట్లకు పోయి నిలబడ్డ.

ఒక సంగతి నువ్వు తప్పు అనుకున్నవ్. జాబు ఆలస్యంగ రాలేదు. అక్టోబర్ ఇరవై తొమ్మిది, మంగళవారం వచ్చింది. మీ అత్తను నాలుగు దినాలు ఆసుపత్రిల ఉంచి సోమవారం ఇంటికి తెచ్చుకున్నం, ఇంటికే పోత అని ఆమె ఏడ్చింది. మంచంల ఉన్నది గానీ తెలివిగనే ఉన్నది. పోస్టాయన సంతకం పెట్టించుకుని పోయిండు. నీ చేతిరాత చూసి నాకు భయమైంది. మొదటి జాబు చదివి ఆమెను ఏమన్ననో నాకు గుర్తున్నది. నీళ్ల వల్లనే అని రాయమని నేనే నిన్ను అడిగిన. అదే రాసి ఉంటవ్ అనుకున్న. విప్పితే చదవాలె, నోరు తెరవకుండ నాకు చదువుడు రాదు, ఆమె వింటది. తప్పు నీదేనని ఇంకోసారి నా నోటి నుంచి విననీయవద్దని నూనె సీసా కింద దాచిన. ఆమెకు చేసిన దానికి ఇదన్నా సాయం చేస్తున్న అనుకున్న.

ఆమె నీ జాబు కోసమే చూసింది బిడ్డా. నాతో మాటలు మానినామె, నా మొకం దగ్గరికి జరిగి, నాకు తెలిసేటట్టు పెదవులు మెల్లగ ఆడించి అడిగింది. “బిడ్డ కాయితం రాలేదా?” మంగళవారం అడిగింది. బుధవారం అడిగింది. శుక్రవారం పొద్దున ఇంకోసారి అడిగింది. మూడుసార్లూ నేను రాలేదనే చెప్పిన.

మీ మామ,
నర్సప్ప